టీబీ పరీక్షకు వరంగల్‌లో ఎక్కడికి వెళ్లాలి: ప్రభుత్వ ఉచిత పరీక్ష సేవపై సమీక్ష

రెండు వారాలు దాటినా దగ్గు తగ్గని మనిషిని వరంగల్, హన్మకొండ, కాజీపేటలలో ఎక్కడికి తీసుకుపోతే టీబీ ఉన్నదీ లేనిదీ తేలుతుందని నలుగురిని అడిగితే, ఎక్కువమంది నోట మొదట వచ్చేది ఏదో ఒక ప్రైవేటు ఆస్పత్రి పేరో, స్కానింగ్ సెంటర్ పేరో అవుతుంది. హన్మకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా, అటు ఎంజీఎం ఆస్పత్రి పరిసరాల్లోనూ డయాగ్నొస్టిక్ సెంటర్లకు కొదువ లేదు. అయినా ఈ ఒక్క జబ్బు విషయంలో మాత్రం, నేను చూసినంతలో, మేలైన పరీక్ష ప్రభుత్వ కేంద్రంలోనే దొరుకుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. అక్కడికి దారి చూపేవారే తక్కువ. మా చిన్నాయనకు ఈ పరీక్ష చేయించే పని నా మీద పడినందువల్ల ఈ సేవను మొదటి నుంచి చివరి దాకా దగ్గరగా చూశాను. అందులో మెచ్చుకోవలసినది ఏమిటో, మారవలసినది ఏమిటో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ సమాచారం కావలసిన సమయంలో నాకు ఒక్కచోట దొరకలేదు.

చిన్నాయనది పరకాల వైపు ఒక పల్లె. పత్తి సాగు, చాలా ఏళ్లుగా షుగర్ జబ్బు. దగ్గు మొదలైన తర్వాత సాయంత్రం వేళ ఒళ్లు వెచ్చబడడం, రాత్రి చెమటలు పట్టడం, అన్నం సహించకపోవడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఊళ్లోని ఆర్‌ఎంపీ వైద్యుడు మొదట సిరప్పు, ఆ తర్వాత మాత్రలు ఇచ్చాడు. మాత్రల్లో లెవోఫ్లాక్సాసిన్ ఉంది. ఈ మందు గురించి అందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఇది టీబీ క్రిమి మీద కూడా కొంత పని చేస్తుంది. అందువల్ల వాడిన కొద్దిరోజులు జ్వరం తగ్గి, జబ్బు నయమవుతున్నట్టు కనిపిస్తుంది, తెమడలో క్రిముల సంఖ్య తగ్గి పరీక్షకు కూడా చిక్కకుండా పోవచ్చు, నిర్ధారణ ఆలస్యమవుతుంది. దగ్గుతో బాధపడేవారు పరీక్షకు వెళ్లేటప్పుడు అంతకుముందు మింగిన మాత్రల ఖాళీ షీట్లను పారేయకుండా వెంట తీసుకుపోవాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. షుగర్ ఉన్నవారికి టీబీ వచ్చే అవకాశం మామూలు వారికంటే ఎక్కువ కాబట్టి, వారి విషయంలో దగ్గును అసలు తేలికగా తీసుకోకూడదు.

నగరానికి తీసుకువచ్చాక మొదట ఒక ప్రైవేటు ఛాతీ వైద్యునికి చూపించాము. ఆయన శ్రద్ధగా చూసి ఎక్స్‌రే తీయించారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. ఎక్స్‌రే అనుమానాన్ని బలపరుస్తుందే తప్ప టీబీని రుజువు చేయలేదు. పాత మచ్చలు, న్యుమోనియా, కొన్నిసార్లు క్యాన్సర్ కూడా దాదాపు అలాగే కనిపించవచ్చు. అలాగని ఎక్స్‌రేను చిన్నచూపు చూడకూడదు. 2019 నుంచి 2021 వరకు దేశమంతటా జరిగిన జాతీయ టీబీ సర్వేలో బయటపడిన కేసుల్లో 42 శాతానికి పైగా ఎక్స్‌రే తీయకపోయి ఉంటే అసలు దొరికేవే కావు. అంటే వారిలో సర్వే అడిగిన లక్షణాలేవీ లేవు. అనుమానించడానికి ఎక్స్‌రే, నిర్ధారించడానికి తెమడ: ఈ రెండింటి పని వేరు, రెండూ కావాలి.

చిక్కు వచ్చింది ఆ తర్వాత, పరీక్షలు చేయించడానికి వెళ్లిన ఒక ల్యాబ్ కౌంటర్ దగ్గర. అక్కడి ఉద్యోగి తెమడ పరీక్ష మాట పక్కనపెట్టి, రక్తంతో చేసే ఒక 'టీబీ ప్యాకేజీ' ఉందని, సూది గుచ్చితే సరిపోతుందని, తెమడ పట్టే ఇబ్బంది ఉండదని చెప్పాడు. వినడానికి ఇది ఎంతో సౌకర్యంగా ఉంటుంది. దగ్గి ఉమ్మే పని లేకుండా రక్తం ఇచ్చి వెళ్లిపోవచ్చంటే ఎవరికైనా అదే నచ్చుతుంది. అయితే ఊపిరితిత్తుల టీబీ ఉన్నదీ లేనిదీ రక్త పరీక్షతో తేలదు. గోల్డ్ అనే పేరుతో చేసే రక్త పరీక్ష, చేతిమీద సూదితో చేసే మాంటూ పరీక్ష ఈ రెండూ ఒంట్లోకి టీబీ క్రిమి ఎప్పుడైనా ప్రవేశించిందా అన్న విషయం మాత్రమే చెబుతాయి; ఇప్పుడు జబ్బుగా ఉందా లేదా అన్నది చెప్పలేవు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఏదో ఒక దశలో ఈ క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అత్యధికులకు జీవితాంతం జబ్బు రాదు. అలాంటప్పుడు మన దేశంలో పెద్దవయసు మనిషికి ఆ పరీక్ష పాజిటివ్ రావడంలో వింత ఏముంటుంది?

ఇంతకంటే పనికిరానివి రక్తంలోని యాంటీబాడీలను చూసి టీబీ ఉందని చెప్పే పరీక్షలు. అవి లేని జబ్బును ఉందని, ఉన్న జబ్బును లేదని చెబుతున్నాయని తేలడంతో, వాటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది. 2012 జూన్‌లో భారత ప్రభుత్వం వాటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించింది. ఎవరైనా టీబీకి ఐజీజీ, ఐజీఎం అనే ఈ యాంటీబాడీ పరీక్ష రాస్తే లేదా చేస్తామంటే ఆ చీటీని మర్యాదగా తిరిగి ఇచ్చి బయటికి రావడం మంచిది. మేము అదే చేశాము.

మరి ఏ పరీక్ష కావాలి? ఒక్క వాక్యంలో చెప్పాలంటే, తెమడను సీబీనాట్ లేదా ట్రూనాట్ అనే యంత్రంలో పెట్టి చేసే పరీక్ష కావాలి. పాతకాలం నుంచి ఉన్నది మైక్రోస్కోపు పరీక్ష. 1882 మార్చి 24న రాబర్ట్ కోచ్ టీబీ క్రిమిని లోకానికి చూపించినప్పటి నుంచి శతాబ్దానికి పైగా, గాజుపలక మీద తెమడను పూసి, రంగు వేసి, కంటితో క్రిములను వెతకడమే ప్రధాన పద్ధతిగా సాగింది. దానికి ఖర్చు తక్కువ, పల్లెల్లోనూ చేయవచ్చు. అయితే మిల్లీలీటరు తెమడలో 5 వేల నుంచి 10 వేల దాకా క్రిములు ఉంటే తప్ప అవి కంటికి చిక్కవు. సీబీనాట్‌కు దాదాపు 130 ఉన్నా చాలు, ఎందుకంటే అది క్రిమిని చూడదు, క్రిమి జన్యుపదార్థాన్ని అనేక రెట్లు పెంచి పట్టుకుంటుంది. అంతేకాక రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా అదే పరీక్షలో తేలుతుంది. యంత్రానికి పట్టే సమయం రెండు గంటలు. ట్రూనాట్ గోవాలో తయారయ్యే మన దేశపు యంత్రం. బ్యాటరీ మీద కూడా నడుస్తుంది కాబట్టి చిన్న ఆస్పత్రుల్లో పెట్టడానికి అనువుగా ఉంటుంది. సీబీనాట్‌ను 2010లో, ట్రూనాట్‌ను 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. తెమడలోని క్రిమిని ట్యూబులో పెంచి చూసే కల్చర్ పరీక్ష వీటన్నింటికంటే సున్నితమైనదే కానీ, దాని ఫలితానికి వారాల తరబడి ఆగాలి. మొదటి పరీక్షగా అది సామాన్యులకు పనికిరాదు.

ఈ యంత్రాలు ఎక్కడ ఉంటాయన్నది తర్వాతి ప్రశ్న. ఎంజీఎం ఆస్పత్రి, హన్మకొండలోని ప్రభుత్వ ఛాతీ, క్షయ వ్యాధుల ఆస్పత్రి ఈ ప్రాంతానికంతటికీ పెద్ద దిక్కు. ఈ రెండూ 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైనవి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి దగ్గుతో వచ్చేవారు అలవాటుగా ఇక్కడికే వస్తారు. నిజానికి అందరూ ఇంతదూరం రావలసిన అవసరం ఇప్పుడు లేదు. మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి, ములుగులో 2024 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. ప్రతి జిల్లాకూ ఒక జిల్లా టీబీ అధికారి, ఆయన కింద టీబీ యూనిట్లు ఉంటాయి. ఊరి పీహెచ్‌సీలో యంత్రం లేకపోయినా అక్కడే తెమడ తీసుకుని, యంత్రం ఉన్న కేంద్రానికి పంపే ఏర్పాటు జాతీయ టీబీ నిర్మూలన కార్యక్రమంలో భాగం. ఊళ్లోని ఆశా కార్యకర్తను గానీ, ఏఎన్‌ఎంను గానీ అడిగితే తెమడ పట్టే డబ్బా ఇంటికే తెచ్చి ఇస్తారు. ఇవేవీ అందుబాటులో లేకపోతే 1800 11 6666 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేసి దగ్గరి కేంద్రం ఎక్కడో అడగవచ్చు.

చాలామందికి తెలియని మరో సంగతి: ప్రైవేటు వైద్యుని దగ్గర చూపించుకునేవారు కూడా తెమడ పరీక్షను ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా చేయించుకోవచ్చు. ఫలితం తీసుకుని తిరిగి తమ వైద్యుని దగ్గరికే వెళ్లవచ్చు. మాకు ఈ దారి చూపింది ఆ ఛాతీ వైద్యుడే. ల్యాబ్‌లో చెప్పిన మాట ఆయనకు చేరవేస్తే, రక్త పరీక్ష అవసరం లేదని, ప్రభుత్వ కేంద్రంలో సీబీనాట్ చేయించుకుని రమ్మని చీటీ రాసి ఇచ్చారు. తనకు ఏ లాభమూ లేని ఆ సలహా ఇచ్చినందుకు ఆయన మీద మాకు గౌరవం పెరిగింది.

మేము వెళ్లిన కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క కుటుంబం అనుభవంతో ఒక కేంద్రానికి మంచిదో చెడ్డదో ముద్ర వేయడం సరికాదు. మనుషులు మారితే తీరు మారుతుంది. ఉదయం ఓపీ చీటీ తీసుకుని, వైద్యుని చూపించుకుని, ఆయన నింపిన ఫారంతో ల్యాబ్ కిటికీ దగ్గరికి వెళ్లాలి. ఓపీ దగ్గర వరుస పెద్దదే. ఎక్స్‌రే ఫిల్ము, ప్రైవేటు వైద్యుని చీటీ వెంట ఉండడం వల్ల వైద్యురాలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా నేరుగా తెమడ పరీక్షకు రాశారు. ల్యాబ్ ఎటువైపు ఉందో చెప్పే బోర్డు వెతుక్కోవలసి వచ్చింది. ఉన్న బోర్డు మీద రాసిన పొడి అక్షరాలు లోపలి ఉద్యోగులకు అర్థమవుతాయేమో కానీ, పల్లె నుంచి వచ్చిన మనిషికి 'తెమడ పరీక్ష ఇక్కడ' అని రాస్తే తప్ప తెలియదు.

కిటికీలోంచి మూత ఉన్న ట్యూబు ఇచ్చి, తెమడ పట్టుకురమ్మన్నారు. ఎలా పట్టాలో, ఎంత పట్టాలో, ఎక్కడ పట్టాలో చెప్పలేదు. మొత్తం సేవలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. కోట్ల రూపాయల కార్యక్రమం, లక్షల రూపాయల యంత్రం, అన్నీ కలిసి ఆధారపడేది ఆ ట్యూబులో పడే చెంచాడు తెమడ మీద. పొలంలో నాసిరకం విత్తనం వేసి ఎరువుల మీద ఎంత ఖర్చు పెట్టినా పంట రానట్టే, ట్యూబులో ఉమ్మి పడితే ఎంత గొప్ప యంత్రమైనా ఏమీ చెప్పలేదు. చిన్నాయన కొద్దిగా ఉమ్మి తెచ్చి ఇచ్చాడు. అప్పుడు లోపలి నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి, ట్యూబును వెలుతురులో పైకెత్తి చూసి, "బాపూ, ఇది ఉమ్మి. దీన్ని మిషన్ల పెడితే ఏం తెలవది. రేపు పొద్దుగాల ఏం తినకముందు పట్టుకురా, ఎట్ల పట్టాల్నో నేను చెప్త" అని పక్కకు కూర్చోబెట్టి ఓపికగా వివరించింది. ఈ సమీక్షలో నేను ఎవరికైనా నిండు మార్కులు ఇవ్వదలచుకుంటే అది ఆమెకే.

ఆమె చెప్పిన పద్ధతిని ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఎవరికైనా పనికివస్తుంది. పొద్దున లేవగానే, టీ కూడా తాగకముందు, ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించాలి. పేస్టు, మౌత్‌వాష్ వంటివి వాడకూడదు. ఇంటి బయట, గాలి ఆడే చోట, మనుషులకు దూరంగా నిలబడి లేదా కూర్చుని, ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, కాసేపు పట్టి ఉంచి, వదలాలి. ఇలా రెండుమూడు సార్లు చేసి, ఆ తర్వాత ఛాతీ లోతు నుంచి బలంగా దగ్గి, వచ్చిన చిక్కటి తెమడను నేరుగా ట్యూబులోకి తీసుకోవాలి. రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు చాలు. గొంతు సకిలించి తీసిన జిగురు, ముక్కు నుంచి లాగిన చీమిడి పనికిరావు. మూత గట్టిగా బిగించి, పైన తెమడ అంటుకుంటే తుడిచి, ఎండ తగలకుండా తీసుకురావాలి. ఆ రోజు వెంటనే ఇవ్వలేకపోతే చల్లని చోట ఉంచాలి. తెమడ బాగా రాని వారికి ఉప్పునీటి ఆవిరి పట్టించి తీసే పద్ధతి కూడా ఆస్పత్రిలో ఉంటుంది, అడగాలి.

తెమడ పట్టడానికి ఆ ఆవరణలో సరైన చోటు లేకపోవడం నాకు కనిపించిన పెద్ద లోపం. టీబీ గాలి ద్వారా సోకే జబ్బు. దగ్గి తెమడ తీసే పని గదిలోనో, మెట్ల కిందనో, బాత్రూంలోనో చేయకూడదు. ఆరుబయట, కాస్త చాటు ఉన్న చోట చేయాలి. చాటు అని ఎందుకు అంటున్నానంటే, ఆడవాళ్లు పదిమంది చూస్తుండగా బలంగా దగ్గి ఉమ్మడానికి సిగ్గుపడి ట్యూబులో లాలాజలం నింపి ఇచ్చి వెళ్లడం నేను కళ్లారా చూశాను. వారిలో కొందరికి జబ్బు ఉండి కూడా లేదని కాగితం వచ్చే ప్రమాదం ఉంది. నాలుగు రేకులు అడ్డుపెట్టి, పైకప్పు లేని ఒక మూల, చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి, గోడ మీద పైన చెప్పిన పద్ధతిని బొమ్మలతో చూపే ఒక పలక: దీనికయ్యే ఖర్చు ఒక యంత్రం ధరలో ఎన్నో వంతు ఉంటుంది?

మర్నాడు ఇచ్చిన తెమడను టెక్నీషియన్ చూసి బాగుందని తీసుకుంది. యంత్రానికి రెండు గంటలు చాలని నేను ముందే రాశాను కానీ, ఫలితం రెండు గంటల్లో చేతికి వస్తుందని ఎవరూ అనుకోకూడదు. సాధారణంగా కనిపించే సీబీనాట్ యంత్రంలో నాలుగు అరలుంటాయి. ఒక విడతలో నలుగురి తెమడే పడుతుంది. మన ముందు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి అదే రోజు రావచ్చు, ఆ తర్వాత రావచ్చు. దూరం నుంచి వచ్చేవారు ఫోన్ నంబరు స్పష్టంగా రాయించి, ఫలితం ఎప్పుడు, ఎవరు చెబుతారో అడిగి తెలుసుకుని ఇంటికి వెళ్లడం మేలు. మాకు ఫోన్ వచ్చింది, మాట ప్రకారం వచ్చింది.

ఫలితం కాగితం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఇంగ్లిషులో ఉంటుంది. అందులో రెండు విషయాలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది, టీబీ క్రిమి కనిపించిందా లేదా. రెండవది, రిఫాంపిసిన్‌కు లొంగని గుణం కనిపించిందా లేదా. చిన్నాయన కాగితంలో మొదటి వరుసలో 'డిటెక్టెడ్' అని, రెండవ వరుసలో 'నాట్ డిటెక్టెడ్' అని ఉంది. ఇంటర్ చదివిన ఆయన కొడుకు రెండవ వరుస చూసి, జబ్బు లేదని సంతోషపడి, ఊరికి వెళ్లే బస్సు ఎక్కడానికి సిద్ధమయ్యాడు. అసలు అర్థం: జబ్బు ఉంది, అయితే ముఖ్యమైన మందుకు లొంగే రకం. ఇది చెడ్డ వార్తలో మంచి వార్త. దీన్ని తెలుగులో రెండు ముక్కల్లో చెప్పే మనిషి కిటికీ దగ్గర ఉండాలి, లేదా కాగితం మీదే 'టీబీ ఉంది, మామూలు మందులకు తగ్గుతుంది' అని ఒక ముద్ర వేయాలి. ఇంత నమ్మకమైన ఫలితం తప్పుగా చదవబడి ఒక మనిషి మందులు లేకుండా ఇంటికి వెళ్లిపోతే ఆ ఫలితం ఉండీ లేనట్టే.

ఇంకొక బాధ కలిగించిన విషయం, పిలిచే తీరు. వరండాలో నిండా జనం ఉండగా ఒక ఉద్యోగి "టీబీ పేషెంట్ ఎవరు, ఇటు రండి" అని కేకవేశాడు. చుట్టూ ఉన్నవారు తిరిగి చూశారు, పక్కన కూర్చున్న ఒకామె లేచి దూరంగా జరిగింది. చిన్నాయన తల దించుకుని నడిచాడు. మన పల్లెల్లో ఈ జబ్బు పేరు ఇంకా గుసగుసగానే చెప్పుకుంటారు. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో అయితే పరీక్షకే రారు. పేరుతోనో, చీటీ నంబరుతోనో పిలవడానికి రూపాయి ఖర్చు లేదు. రోగి గౌరవాన్ని కాపాడడం మర్యాదకు మాత్రమే సంబంధించినది కాదు. అవమానపడ్డ మనిషి మందులకు తిరిగి రాడు, ఇంట్లో వాళ్లను పరీక్షకు తీసుకురాడు. ఆ కేక వేసిన వ్యక్తికి దురుద్దేశం ఉందని నేను అనుకోను. రద్దీలో అలవాటైపోయింది. అయినా ఈ అలవాటు వెంటనే మానాలి.

నిర్ధారణ అయిన తర్వాత జరిగిన పని మాత్రం నేను ఊహించినదానికంటే ఎంతో పద్ధతిగా ఉంది. వివరాలు టీబీ రోగులను నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కించి ఒక ఐడీ నంబరు ఇచ్చారు. హెచ్ఐవీ పరీక్ష, షుగర్ పరీక్ష చేశారు. ఇవి టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ చేస్తారు గనుక ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. ఐసోనియాజిడ్ అనే మరో ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో చూడడానికి ఇంకొక నమూనా పెద్ద ప్రయోగశాలకు పంపారు. బరువు తూచి, ఆ బరువుకు తగ్గ మాత్రలు ఇచ్చారు. మామూలు టీబీకి ఆరు నెలల చికిత్స: మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు, రోజూ. నగరానికి పదేపదే రానవసరం లేకుండా చికిత్సను వాళ్ల ఊరి పీహెచ్‌సీకి బదిలీ చేశారు. టీబీ సిబ్బంది ఇంటికి వచ్చి, ఇంట్లో అందరినీ అడిగి, దగ్గు ఉన్నవారి తెమడ తీసుకుని, జబ్బు లేదని తేలిన చిన్నపిల్లలకు ముందుజాగ్రత్త మాత్రలు మొదలుపెట్టారు. పోషకాహారం కోసం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తుండగా, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. చికిత్స సాగినంత కాలం అది నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ప్రైవేటులో మందులు వాడేవారికి కూడా ఇది వర్తిస్తుంది, అయితే వారి పేరు నిక్షయ్‌లో నమోదై ఉండాలి. టీబీ తేలిన ప్రతి రోగి వివరాలను ప్రభుత్వానికి తెలపడం ప్రైవేటు వైద్యులకు 2012 నుంచి తప్పనిసరి.

తెమడ పరీక్షతో అందరి సమస్యా తీరదు. టీబీ ఊపిరితిత్తులకే పరిమితమైన జబ్బు కాదు. మెడ మీద గడ్డలు, వెన్నెముక, మెదడు పొరలు, కడుపు, ఎక్కడైనా రావచ్చు. మెడ గడ్డ అయితే సూదితో అందులోని ద్రవం తీసి అదే సీబీనాట్‌లో పెడతారు. చిన్నపిల్లలు తెమడ బయటికి తీయలేరు, మింగేస్తారు. వారికి పొద్దున్నే ముక్కు ద్వారా గొట్టం వేసి కడుపులోని ద్రవం తీయవలసి రావచ్చు. ఇలాంటి సందర్భాల్లో పీహెచ్‌సీతో సరిపెట్టుకోకుండా బోధనాస్పత్రికే వెళ్లాలి. గతంలో ఒకసారి టీబీ వచ్చి మందులు వాడినవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే చచ్చిన క్రిమి జన్యుపదార్థాన్ని కూడా యంత్రం పట్టుకుని పాజిటివ్ చూపించే వీలుంది. అలాగే పరీక్షలో ఏమీ లేదని వచ్చి దగ్గు మాత్రం తగ్గకపోతే, ఆ కాగితాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోకుండా మళ్లీ వైద్యుని దగ్గరికి వెళ్లాలి.

ప్రైవేటు ల్యాబ్‌లన్నీ దండగ అని నేను అనడం లేదు. కొన్ని ల్యాబ్‌లు సీబీనాట్ చేయిస్తాయి, పని మర్యాదగా, వేళకు జరుగుతుంది. ఖర్చు మాత్రం వేలల్లోకి వెళ్తుంది, నమూనాను హైదరాబాద్‌కు పంపే ల్యాబ్ అయితే వ్యవధి కూడా పెరుగుతుంది. వరుసలో నిలబడే ఓపిక లేని వృద్ధులకో, ఉద్యోగానికి సెలవు దొరకని వారికో అది అక్కరకు రావచ్చు. డబ్బు కట్టేముందు అడగవలసినవి రెండే: తెమడతో చేస్తారా, యంత్రం ఇక్కడే ఉందా. రక్తంతో చేస్తామంటే వద్దనాలి. పత్తి జిన్నింగు మిల్లుల్లో, గ్రానైటు క్వారీల్లో, బొగ్గు గనుల్లో, బీడీల పనిలో ఊపిరితిత్తులు దెబ్బతినేవారు ఎక్కువగా ఉన్న ఈ ఉత్తర తెలంగాణలో, రోజుకూలీ మీద బతికే కుటుంబం రక్త పరీక్షల ప్యాకేజీకి అప్పు చేయడం నాకు భరించరానిదిగా కనిపిస్తుంది. సరైన పరీక్ష ఉచితంగా ఉన్నచోట ఆ అప్పు ఎందుకు?

జిల్లా టీబీ అధికారులు నా మాట వింటే నేను అడిగేవి పెద్ద విషయాలు కావు. ఎంజీఎం బస్టాపు దగ్గర, హన్మకొండ బస్‌స్టేషన్‌లో, పరకాల, నర్సంపేట, ఏటూరునాగారం బస్సులు ఆగేచోట 'రెండు వారాలకు మించి దగ్గా? తెమడ పరీక్ష ఉచితం' అని, దగ్గరి కేంద్రం పేరుతో పెద్ద తెలుగు అక్షరాల బోర్డులు పెట్టాలి. ఆర్‌ఎంపీలను తిట్టడం మాని, వారి చేతికి తెమడ డబ్బాలు ఇవ్వాలి, ఎందుకంటే పల్లెలో దగ్గు మొదట చేరేది వారి దగ్గరికే. మా చిన్నాయనకు సిరప్పు ఇచ్చిన రోజునే ఆ వైద్యుని బల్ల మీద ఒక డబ్బా ఉండి ఉంటే, జబ్బు అంత ముదిరేది కాదు.

ఈ సేవను వాడుకోబోయేవారు వెంట తీసుకుపోవలసినవి: ఆధార్ కార్డు, రోగి పేరిట ఉన్న బ్యాంకు పాసుబుక్కు, పాత ఎక్స్‌రేలు, వాడిన మాత్రల షీట్లు, ఎప్పుడూ పనిచేసే ఒక ఫోన్ నంబరు, మాస్కు. ఓపీ చీటీ కోసం ఉదయమే చేరుకోవాలి. వీలైతే ముందురోజే దగ్గరి పీహెచ్‌సీలోనో, బస్తీ దవాఖానాలోనో ట్యూబు తీసుకుని, పరగడుపున పట్టిన తెమడతోనే వెళ్తే ఒక తిరుగుడు తప్పుతుంది.